మీట మీద ఎవరి చెయ్యి?

2010లో వచ్చిన ‘రోబో’ చూసినవాళ్లకు దోమల వెంటపడే రోబో చిట్టి గుర్తుంటాడు. చివర్లో వందల చిట్టిలు బంతిలా, పాములా అల్లుకుపోవడం గుర్తుంటుంది. మధ్యలో ఒక అగ్నిప్రమాదం కూడా ఉంది. మంటలంటుకున్న భవనంలోంచి చిట్టి మనుషుల్ని మోసుకొచ్చి కింద దించుతుంటాడు. స్నానం చేస్తూ లోపలే చిక్కుకుపోయిన అమ్మాయిని కూడా ఉన్నపళంగా ఎత్తుకొచ్చి జనం ముందు, టీవీ కెమెరాల ముందు నిలబెడతాడు. ఒంటిమీద బట్ట లేదు. రోబోకి ఆ సంగతి పట్టదు. ప్రాణాలు కాపాడమన్నారు, కాపాడాడు, అంతే. ఆ అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయి రోడ్డు మీదికి పరిగెడుతుంది, బండి కింద పడి నిజంగానే చచ్చిపోతుంది.

ఆ చావు తర్వాత కథ ఆ అమ్మాయి ఇంటికి వెళ్లదు. నేరుగా ప్రయోగశాలకు వెళ్తుంది. రోబోకి మనసు లేకపోవడమే లోపమని తేలుతుంది, శాస్త్రవేత్త దానికి భావాలు నేర్పడానికి పూనుకుంటాడు. నేర్చుకున్న చిట్టి కథానాయిక తోబుట్టువుకి కష్టమైన కాన్పు చేసి తల్లినీ బిడ్డనీ దక్కిస్తాడు. సంతోషం పట్టలేక కథానాయిక చిట్టికి ముద్దు పెడుతుంది. ఆ ముద్దుతో యంత్రంలో ప్రేమ పుడుతుంది. ఒకామె చచ్చింది, ఒకామె కన్నది, ఒకామె ముద్దు పెట్టింది. యంత్రం మనిషిగా మారడానికి వేసిన మూడు మెట్లు ఇవి. ఇంతకీ కథానాయిక చదివేది మెడిసిన్. సినిమా చూసినవాళ్లలో ఎంతమందికి ఇది గుర్తుందో అడిగి చూడండి. ఆ ఇంట్లో పురుడు పోసింది మాత్రం ఇనుప చేతులే.

సైన్స్ ఫిక్షన్‌లో ఆడపాత్రల గురించి మాట్లాడినప్పుడల్లా చర్చ ‘బలమైన పాత్రా, బలహీనమైన పాత్రా’ అన్న చోటే తిరుగుతుంటుంది. ఆ కొలత పెద్దగా ఉపయోగపడదు. నాలుగు ఫైట్లు చేసి, ఐదో ఫైట్‌లో కథానాయకుడి కోసం ప్రాణమిచ్చే అమ్మాయిని కూడా బలమైన పాత్రే అంటున్నారు. ఈ తరహా కథలకు అంతకంటే తేలికైన పరీక్ష ఒకటుంది. ప్రతి సైన్స్ ఫిక్షన్ కథలోనూ ఒక కొత్త యంత్రమో, ప్రయోగమో, వాహనమో ఉంటుంది. దాని మీట ఎవరి చేతిలో ఉంది? ఆమె మీట నొక్కుతోందా, లేక ఇంకొకరు నొక్కే మీటగా ఉందా?

ఈ పరీక్షలో మొదటి నవల నుంచే చిక్కుంది. 1818లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ రచయిత పేరు లేకుండా అచ్చయింది. రాసిన మేరీ షెల్లీ ఆ కథ మొదలుపెట్టేనాటికి 18 ఏళ్ల అమ్మాయి. అందులో శవాల ముక్కలతో తయారైన జీవి తనకో తోడు కావాలని అడుగుతుంది. దాన్ని తయారుచేసిన విక్టర్ ఒప్పుకుంటాడు, సగం పని చేస్తాడు, ఆపైన భయం పట్టుకుంటుంది. ‘మొదటివాడు జనం జోలికి రానని మాట ఇచ్చాడు సరే, ఈమె ఇవ్వలేదే! తాను పుట్టకముందు కుదిరిన ఒప్పందానికి ఈమె ఎందుకు కట్టుబడాలి? పిల్లల్ని కంటే?’ ఈ ఆలోచన రాగానే ఆ సగం శరీరాన్ని చీల్చి పారేస్తాడు. సైన్స్ ఫిక్షన్‌కి మొదటి నవలగా చాలామంది ఒప్పుకునే పుస్తకంలో, ప్రయోగశాలలో తయారైన తొలి ఆడది కళ్లు తెరవకముందే పోయింది. ఆమెకు సొంత బుద్ధి ఉండొచ్చన్నదే కారణం. రాసింది ఆడపిల్ల కాబట్టే ఆ భయాన్ని అంత సూటిగా పట్టుకుందనిపిస్తుంది.

తర్వాత 130 ఏళ్లకు పైగా గడిచాక, 1954లో టామ్ గాడ్విన్ ‘ద కోల్డ్ ఈక్వేషన్స్’ అనే కథ రాశాడు. మందులు మోసుకెళ్తున్న చిన్న అంతరిక్ష నౌకలోకి, అన్నను చూద్దామని ఓ అమ్మాయి దొంగతనంగా ఎక్కుతుంది. ఇంధనం లెక్కకు సరిపడా ఉంది, ఒక్క మనిషి బరువు ఎక్కువైనా నౌక కూలిపోతుంది. కాబట్టి ఆమెను బయటికి తోసెయ్యాలి. గాడ్విన్ ఆమెను ఎలాగోలా బతికించే దారులు రాసి పంపిస్తుంటే, సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ మూడుసార్లు కథ తిప్పి పంపాడని ప్రసిద్ధి. లెక్క క్రూరంగా ఉండాలంటే అమ్మాయి చావాల్సిందే. ప్రకృతి సూత్రం ఎంత కఠినమో పాఠకుడికి తెలియడానికి ఒక ఆడపిల్ల శవం కావాల్సి వచ్చింది. ‘రోబో’లో స్నానాల గది అమ్మాయికి ఈమె అక్క వరస అవుతుంది.

అయితే ఈ వరసకు ఎదురుతిరిగిన కథ ఒకటి మద్రాసులోనే అచ్చయింది. సంవత్సరం 1905. పత్రిక ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’. దాన్ని 1901లో మొదలుపెట్టి నడిపిన సంపాదకురాలు కమలా సత్తియనాథన్, తెలుగింట పుట్టి మద్రాసు సత్తియనాథన్‌ల ఇంటికి కోడలుగా వెళ్లిన మనిషి. కథ పంపింది భాగల్‌పూర్ నుంచి రొకేయా సఖావత్ హుస్సేన్ అనే బెంగాలీ ముస్లిం గృహిణి. పేరు ‘సుల్తానాస్ డ్రీమ్’. ఇంగ్లీషులోనే రాసింది. భర్త క్యాంపు మీద ఊళ్లు తిరుగుతుంటే, ఇంట్లో పొద్దుపోక రాశానని ఆవిడే చెప్పుకుంది. తిరిగొచ్చిన భర్త నిలబడే మొత్తం చదివేసి, ఇది భయంకరమైన ప్రతీకారం అన్నాడట.

ఆ కథలో సుల్తానా వాలుకుర్చీలో కునుకు తీస్తుంటే సిస్టర్ సారా వచ్చి, నడుద్దాం రమ్మంటుంది. బయట పట్టపగలు. పరదాలో పెరిగిన సుల్తానాకి వీధిలో మొహం చెల్లదు, అడుగులు తడబడతాయి. దారినపోయే ఆడవాళ్లు ఏదో అని నవ్వుతారు. ఏమంటున్నారని అడిగితే సారా చెబుతుంది: నువ్వు అచ్చం మగాడిలా ఉన్నావంటున్నారు. మగాడిలా అంటే? సిగ్గుగా, బెదురుగా. ఆ ఊళ్లో మగవాళ్లంతా ఇళ్లల్లో, పరదా వెనక ఉంటారు. ఒక్క విశేషణం తిరగేసి, వందల ఏళ్ల మర్యాదల్ని రోడ్డు మీద తేలిపోయేలా చేసింది రొకేయా. ఆ కథలో ఇంతకంటే గొప్ప ఆవిష్కరణ ఇంకోటి లేదు.

నిజం యంత్రాలకూ కొదవ లేదు. ఆ దేశంలో ఆడవాళ్లకు రెండు విశ్వవిద్యాలయాలున్నాయి. ఒకటి మబ్బుల్లోంచి నీటిని నేరుగా లాగే బెలూన్ కనిపెడుతుంది. దాంతో వానలూ వరదలూ ఉండవు, కావలసినప్పుడు నీళ్లుంటాయి. రెండోది ఎండ వేడిని పోగుచేసి దాచుకునే సాధనం తయారు చేస్తుంది. వంటింట్లో పొయ్యి లేదు, పొగ లేదు, ఎండతోనే వంట. అప్పట్లో ఆ దేశపు మగవాళ్లు సైన్యాన్ని పెంచుకోవడంలో తలమునకలై ఉన్నారు. ఈ పరిశోధనల్ని చూసి భావుకత పట్టిన పీడకల అని నవ్వారు. తర్వాత యుద్ధం వచ్చింది, సైన్యం ఓడింది, మగవాళ్లను ఇళ్లల్లోకి పంపి, రెండో విశ్వవిద్యాలయం ప్రిన్సిపాల్ తన 2,000 మంది విద్యార్థినులతో యుద్ధభూమికి వెళ్లింది. దాచిన ఎండనంతా శత్రువు మీదికి తిప్పింది. కథ తేలిపోయింది. మగవాళ్లు ఆ తర్వాత ఇళ్లల్లోంచి బయటికి రాలేదు.

ఆఫీసు పని గురించి సారా వేసే లెక్క చదివితే ఇప్పటి ఆఫీసులు గుర్తొస్తాయి. ఆడవాళ్లు రోజుకు రెండు గంటలే పనిచేస్తారు, అన్నీ అయిపోతాయి. మగవాళ్లు ఏడు గంటలు పనిచేస్తామనేవాళ్లు. చుట్ట కాలడానికి అరగంట. రోజుకు 12 చుట్టలు. అంటే ఆరు గంటలు పొగకే పోయాయి. చుట్ట బదులు టీ బ్రేకు పెట్టుకుని లెక్క వేసుకోవచ్చు.

కథకు లోపాలు లేవని కాదు. ఆ దేశపు మగవాళ్లలో ఒక్కరికీ గొంతు లేదు. మన కథల్లో ఆడవాళ్లకు పట్టిన గతే అక్కడ వాళ్లకు పట్టింది. ‘ప్రతీకారం’ అన్న భర్త మాట ఉట్టిదేం కాదు. కానీ మీట ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు 1905లోనే మద్రాసు అచ్చులో జవాబు వచ్చేసింది. ఇదే ఊళ్లో తర్వాత పుట్టిన సినిమా ఆ జవాబు దగ్గరికి పోనేలేదు.

1963లో వచ్చిన తమిళ సినిమా ‘కలై అరసి’, వేరే గ్రహంవాళ్లు భూమికి రావడాన్ని చూపించిన తొలి భారతీయ చిత్రాల్లో ఒకటి. ఎం.జి.ఆర్. కథానాయకుడు, భానుమతి కథానాయిక. ఆ గ్రహంవాళ్లకు సైన్స్ బ్రహ్మాండంగా వచ్చు, సంగీతమే రాదు. అందుకని భూమికొచ్చి, చక్కగా పాడే అమ్మాయిని ఎత్తుకుపోతారు. సైన్స్ వాళ్లది, పాట ఆమెది అన్నమాట. ఎగిరే పళ్లెంలో ఆమె ప్రయాణికురాలు కూడా కాదు, సరుకు. అదే భానుమతి ఆ పాటికే 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ డైరెక్ట్ చేసి ఉంది. మద్రాసు సాలిగ్రామంలోని భరణి స్టూడియో భానుమతి దంపతులది. కెమెరాలు, లైట్లు, రికార్డింగు యంత్రాలున్న స్టూడియో యజమానురాలిని తెర మీద మాత్రం పాట కోసం ఎత్తుకెళ్లారు. ‘అత్తగారి కథలు’ రాసిన భానుమతి కలం ఈ సంగతి మీద ఓ కథ రాసి ఉంటే ఎంత బాగుండేది!

మన వైపు 1991లో ‘ఆదిత్య 369’ వచ్చింది. కాలయంత్రాన్ని ఇంటిల్లిపాదికీ పరిచయం చేసిన సినిమా, ఇప్పటికీ టీవీలో వస్తే చానల్ మార్చబుద్ధి కాదు. యంత్రం కనిపెట్టింది ప్రొఫెసర్, కథానాయిక ఆయన కూతురు. ఆమె కృష్ణదేవరాయల కాలానికీ వెళ్తుంది, 2504కీ వెళ్తుంది. కానీ నాన్న ల్యాబులో ఏ స్క్రూ ఎక్కడుందో తెలిసిన పిల్లగా కనిపించదు. ‘ప్రొఫెసర్ గారి అమ్మాయి’ అన్నది ప్రపంచమంతటా ఉన్న పాత్రే. కథానాయకుడు ల్యాబులోకి అడుగుపెట్టడానికి ఒక సాకు కావాలి, ఆ సాకు పేరే అమ్మాయి.

మీట దగ్గరే ఉన్న ఆడవాళ్లు అసలు లేరా అంటే, ఉన్నారు. ఐజాక్ ఆసిమోవ్ రాసిన సూసన్ కాల్విన్ రోబోల మనస్తత్వం చదివిన శాస్త్రవేత్త. ఆమెను మించి రోబోలు తెలిసినవాళ్లు ఆ కథల్లో లేరు. కానీ ఆ తెలివికి రచయిత పన్ను కట్టించుకున్నాడు. అందం లేదు, నవ్వదు, మంచుగడ్డలాంటి మనిషి. 1941 నాటి ‘లయర్!’ కథలో మనసులు చదివే రోబో ఒకటి, తోటి ఉద్యోగి నిన్ను ప్రేమిస్తున్నాడని ఆమెకు అబద్ధం చెబుతుంది, ఆమె మొహానికి రంగు వేసుకోవడం మొదలుపెడుతుంది. మన సినిమాల్లో చదువుకున్న అమ్మాయికి కళ్లజోడు పెట్టి, జుట్టు ముడి వేసి, పాటకు ముందు రెండూ తీయించడం లాంటిదే ఇది. అయినా ఆ కథ చివర రోబోకి మతి పోగొట్టేది ఆమే, తర్కంతో. అందుకే ఆమెను తేలిగ్గా కొట్టిపారేయలేం.

1979లో హాలీవుడ్ సినిమా ‘ఏలియన్’ వచ్చింది, అంతరిక్ష నౌకలోకి ఓ రాక్షసి చొరబడిన కథ. ఆ స్క్రిప్టు మొదట్లో ఓ మాట రాసి ఉంది: సిబ్బందిలో ఏ పాత్రనైనా మగవాళ్లు వేయొచ్చు, ఆడవాళ్లు వేయొచ్చు. అందుకే కథానాయిక రిప్లీ ‘ఆడపాత్ర’గా పుట్టలేదు, ఉద్యోగిగా పుట్టింది. రోగం అంటుకుని ఉండొచ్చన్న అనుమానం ఉన్న మనిషిని నౌకలోకి రానివ్వను, క్వారంటైన్ రూలు ఉంది అంటుంది. ఆమె గొప్పతనమంతా ఆ ఒక్క రూలు పట్టుకోవడంలోనే ఉంది. ఎవరూ వినలేదు, అందరూ పోయారు. చివర్లో ఆమెను లోదుస్తుల్లో నిలబెట్టకుండా ఉండలేకపోయారు, అది వేరే సంగతి. 1985లో అలిసన్ బెక్‌డెల్ గీసిన కామిక్‌లో ఒకామె తన నియమం చెబుతుంది. సినిమాలో కనీసం ఇద్దరు ఆడవాళ్లుండాలి, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాటలు మగవాడి గురించి కాకుండా ఉండాలి. తాను చూడగలిగిన చివరి సినిమా ‘ఏలియన్’ అంటుంది, అందులో ఇద్దరు ఆడవాళ్లు రాక్షసి గురించి మాట్లాడుకుంటారు కాబట్టి. సుల్తానా, సారా ఈ పరీక్షకు కూర్చుంటే సగం మార్కులే వస్తాయేమో. వాళ్ల మాటల్లో సగం మగవాళ్ల గురించే మరి, చుట్టలతో సహా.

తయారుచేసిన ఆడదాని కథ ఇంకో దారి. 1927 నాటి జర్మన్ సినిమా ‘మెట్రోపోలిస్’లో మంచి అమ్మాయి మారియా మొహాన్ని ఒక రోబోకి తగిలించి జనం మీదికి వదులుతారు. తయారుచేసినవాడు మగవాడు, పంపింది ఇంకో మగవాడు, కట్టెల మీద కాల్చింది మాత్రం ఆ ఆడరూపాన్నే. మనకూ మాయ మొహం కొత్తేం కాదు. 1957లో వడపళని విజయా వాహినిలో తీసిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వచ్చి లక్ష్మణకుమారుణ్ని హడలగొట్టాడు, సావిత్రి ఒంట్లోకి ఎస్వీ రంగారావు దిగినట్టే చేసింది. అక్కడ ఎవర్నీ కాల్చలేదు, అందరం నవ్వుకున్నాం. పైగా ఆ సినిమాలో ప్రియదర్శిని పెట్టె తెరిచి తనకు కావలసినవాణ్ని చూసుకున్నది శశిరేఖే. పురాణం అని పక్కన పెట్టేస్తాం గానీ, ఆ ఒక్క సీనులో మీట ఆమె చేతిలోనే ఉంది.

2018లో వచ్చిన ‘2.0’లో ఎమీ జాక్సన్ వేసిన ఆడ రోబో ఉంది. చక్కగా ఉంటుంది, శాస్త్రవేత్తకు సహాయం చేస్తుంది. అంతకుమించి ఆమె గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. గొంతుకే పరిమితమైన ఆడవాళ్లు ఇంకా ఎక్కువ. 2019లో యునెస్కో, ఫోన్లలో మాట్లాడే ఆడగొంతు అసిస్టెంట్ల మీద ఒక నివేదిక వేసింది. ఎవరైనా బూతులు తిడితే ఆపిల్ ఫోన్‌లోని ‘సిరి’ సిగ్గుపడుతున్నట్టు ఇచ్చే జవాబునే దానికి పేరుగా పెట్టారు. 2024 నాటి ‘కల్కి 2898 ఎ.డి.’లో బుజ్జి అనే కారుకి తెలివంతా ఉంది, గొంతు కీర్తి సురేశ్‌ది. బుజ్జి కథానాయకుడు భైరవ మీద విసుక్కుంటుంది, దెప్పుతుంది, సినిమాలో హాయిగా నవ్వించే మాటలు చాలావరకు ఆ కారువే. మాటకు మాట చెప్పే ఆడ తెలివిని చూపించాలంటే, దాన్ని చక్రాల మీద పెట్టి, స్టీరింగు కథానాయకుడికి ఇవ్వాల్సి వచ్చిందన్నమాట.

ఆ సినిమాలో అసలు కథ దీపిక పదుకొణె వేసిన సుమతిది. మొదట ఆమెకు పేరు లేదు, సమ్-80 అన్న నంబరే. కాంప్లెక్స్ అనే విలన్ కోటలో ఆడవాళ్లను ప్రయోగాల కోసం గర్భవతుల్ని చేస్తారు, ఆ గర్భాల్లోంచి విలన్ సుప్రీమ్ యాస్కిన్ కోసం సీరం తీస్తారు. ఈ ఊహలో పదును ఉంది. సరొగసీ గురించి వార్తలు చదివిన ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఆమె మంటల్లోంచి నడిచొచ్చే సీను దగ్గర థియేటర్లు ఊగిపోయాయి. కానీ ఆ మంట ఆమెను ఎందుకు కాల్చలేదు? కడుపులో ఉన్నవాడి వల్ల. విలన్‌కి ఆమె గర్భం కావాలి, కాపాడేవాళ్లకూ ఆమె గర్భమే కావాలి. ఇద్దరి మధ్యా తేడా మంచీ చెడూ అంతే, ఆమె వైపు నుంచి చూస్తే అవసరం ఒకటే. ఆమెను బయటికి తేవడానికి ప్రాణం పెట్టిన కైరా, ఈ సినిమాలో తుపాకీ పట్టుకుని సొంతంగా నిర్ణయాలు తీసుకున్న అమ్మాయి, దారిలోనే పోతుంది. సీతమ్మవారి నుంచి సుమతి దాకా ఆడదాని నిజాన్ని తేల్చే పని మనవాళ్లు అగ్నికే ఒప్పగించారు. ‘రోబో’లోనూ నిప్పే కదా మొదలు!

తెర మీద ఇంతే కనిపిస్తోందంటే, చుట్టూ మనుషులు లేకపోవడం వల్ల కాదు. చెన్నైలో ఐటీ కంపెనీలుండే పెరుంగుడి, షోలింగనల్లూరు లేడీస్ హాస్టళ్లలో తెలుగు వినిపించని మెట్టు ఉండదు. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు అమ్మాయిలు. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే, పక్కమంచం వాళ్ల నిద్ర చెడకుండా ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని, ఎక్కడో అమెరికాలో ఆగిపోయిన సర్వర్‌ని లేపేది వీళ్లే. తెల్లారి ఎనిమిదికి మళ్లీ కంపెనీ బస్సు. అదే ఊళ్లో మూర్ మార్కెట్ స్టేషన్‌లో లోకల్ ఎక్కితే సూళ్లూరుపేటలో దిగొచ్చు, అవతల శ్రీహరికోట. 2019 జూలైలో అక్కడి నుంచి ఎగిరిన చంద్రయాన్-2కి ప్రాజెక్టు డైరెక్టర్ ముత్తయ్య వనిత, మిషన్ డైరెక్టర్ రితూ కరిధాల్. చెన్నైకి కూతవేటు దూరంలో రాకెట్ ఎగురుతోంది, దాని వెనక ఇద్దరు ఆడవాళ్లున్నారు. వాళ్ల పనిలో టెన్షన్ ఉంది, గొడవలున్నాయి, తప్పిన లెక్కలున్నాయి. చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయింది కూడా. సినిమాకి ఇంతకంటే ఏం కావాలి?

బహుశా కావలసింది ఒక చిన్న సీను. ‘సుల్తానాస్ డ్రీమ్’ చివర్లో అలాంటిది ఉంది. సుల్తానా, ఆ దేశపు రాణిని చూద్దామంటుంది. సారా బండి కోసం ఎవర్నీ పిలవదు. ఒక చదరపు చెక్క తీసుకుని, దానికి రెండు కుర్చీలు స్క్రూలతో బిగిస్తుంది. నున్నటి గుండ్రటి బంతులు రెండు తగిలిస్తుంది. ఇవేంటని సుల్తానా అడిగితే, హైడ్రోజన్ బంతులు, భూమి లాగకుండా చేస్తాయి అంటుంది. కరెంటుతో తిరిగే రెక్కలు రెండు అమరుస్తుంది. ఇద్దరూ ఎక్కి కూర్చుంటారు, సారా మీట తిప్పుతుంది, చెక్క గాల్లోకి లేస్తుంది.